మూత చూసి కొన్న తాలు

గుంటూరు యార్డులో ముప్పై ఏళ్లుగా మిర్చి కొంటున్న మా యజమానిగారి పరీక్షా నైపుణ్యాన్ని ముందుగా భక్తితో స్మరించుకోవాలి. తేజ రకం మిర్చి టిక్కీ (బస్తా) ఎదురైతే ఆయన పైనున్న కాయను ముట్టుకోరు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు పైకి లాగి, గలగల విని, తేమతో మెత్తగా వంగే కాయను, రంగు వెలిసిన నాసి కాయను, అంటే తాలును, క్షణంలో వేరు చేసి, రైతు నోరు తెరవకముందే క్వింటాకు ఎంత తగ్గించాలో తేల్చేస్తారు. అంతటి మహానుభావుడు కొట్టు లెక్కలకు ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లి, మూత మీది మెరుపూ ఉచితంగా ఇచ్చిన సంచీ చూసి, పది నిమిషాల్లో బేరం ముగించుకొని వచ్చారు.

‘ఆఫీసు పనికి ఇది చాలండీ’ అని దుకాణంలో కుర్రవాడు హామీ ఇచ్చాడట. ఆఫీసు పని బహు తేలికైనదనే నమ్మకం, ఆ పని చెయ్యనివారిలో ఎంతో దృఢంగా ఉంటుంది. పొద్దున్నే లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ తెరవాలి. పక్కన ఎక్సెల్‌లో సీజను కొనుగోళ్ల పట్టిక ఉండాలి. బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్, బ్యాంకు, వాట్సాప్ మూడూ తెరిచి ఉంచాలి, లారీ నంబర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి కనుక. ఇంత సంసారాన్నీ 4 జీబీ ర్యామ్, అంటే తెరిచిన పనులను పట్టి ఉంచే తాత్కాలిక జ్ఞాపకం, మొయ్యాలి. విండోస్ 11 విధించిన కనీస అర్హత 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ అన్నది నిజమే. అయితే అది పదో తరగతిలో 35 మార్కుల వంటిది, పాసైనట్టే కానీ ఏ కాలేజీలోనూ సీటు రాదు.

ర్యామ్ నిండిపోయినప్పుడు విండోస్ తన సామానును డిస్కు మీదికి దించి, అవసరమైనప్పుడు మళ్లీ పైకి ఎత్తుకుంటుంది. మా యంత్రంలో ఆ డిస్కు వేగంగా నడిచే ఎస్సెస్డీ కాదు, చవక ఫోన్లలో ఉండే ఈఎంఎంసీ చిప్పు. అందులో 5.1 ప్రమాణానికి చెందినది సైతం సెకనుకు 400 ఎంబీ దాటదు. ఎస్సెస్డీలలో వేగమైన ఎన్‌వీఎంఈ రకం అదే సెకనులో వేల ఎంబీలు లాగుతుంది. అంటే యార్డు మొత్తానికి ఒక్క హమాలీని పెట్టి, దించిన టిక్కీనే మళ్లీ ఎత్తించడమన్నమాట. ఇంకో 4 జీబీ వేయిద్దామని టెక్నీషియన్‌ను పిలిపిస్తే, ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉందని తేల్చి, మూత బిగించి, టీ తాగి వెళ్లాడు.

తెర సంగతి క్లుప్తంగా చెబుతాను. అడ్డంగా 1366 చుక్కలు మాత్రమే ఉన్నందువల్ల మా పట్టికలో రైతు పేరు కనిపిస్తే బాకీ కనిపించదు, బాకీ కనిపిస్తే రైతు కనిపించడు. ఈ ఒక్క లక్షణం మాత్రం కొట్టుకు మేలు చేసేదేనని యజమానిగారి అభిప్రాయం.

ప్రతి నెలా 20వ తేదీలోగా జీఎస్టీఆర్-3బీ అనే పన్ను రిటర్ను వెయ్యాలి. ఆఖరి రోజు ఓటీపీ నా ఫోనుకు వచ్చి, పేజీ తెరుచుకునేలోగా ఆయుష్షు తీరి, రెండోది వచ్చి, అదీ తీరి, మూడోది దక్కే వేళకు రాత్రి పదవుతుంది. చవక మీద నాకు పగ లేదని ఇక్కడే స్పష్టం చెయ్యాలి: 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్సెస్డీ ఉన్న మరో చవక యంత్రంతోనే పక్క కొట్టు గుమాస్తా ఆరింటికల్లా సైకిలెక్కి బ్రాడీపేట చేరుకుంటున్నాడు. రెండింటికీ ధరలో ఉన్న తేడా యజమానిగారికి కంఠస్థమే. నాలుగు నెలలుగా నేను రాత్రి దాకా కూర్చున్న గంటలకు మాత్రం ఆయన పుస్తకంలో పద్దు లేదు.

మే నెల వచ్చింది. ఎండ 45 డిగ్రీలను తాకే ఊళ్లో, ఏసీ యజమానిగారి గదికే పరిమితమైన కొట్టులో, ఫ్యాను కూడా లేని ఈ యంత్రం వేడెక్కగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అసలు ఉన్న వేగమెంతో తెలిసినవాణ్ని కనుక ఆ వినయానికి నేను విస్తుపోయాను. విషయం విన్నవిస్తే యజమానిగారు వేలితో మూతను తాకి చూసి, దీర్ఘంగా ఆలోచించారు.

“గుమాస్తాగారూ, రేపు సరుకు కోల్డ్ స్టోరేజీకి వెళ్తోందిగా, ఎండలు తగ్గేదాకా దీన్ని కూడా అందులో పెట్టిద్దామా?”

నేను కాదనలేదు. రసీదులో ‘రకం’ అనే గడిలో ఏమని రాయించమంటారని మాత్రం అడిగాను.