పీడనం తోస్తుంది, దారి చూపేది కణత్వచం

పుప్పొడి నాళం, అంటే పుప్పొడి రేణువు నుంచి మొలిచి అండం వైపు సాగే సన్నని గొట్టం, కేవలం లోపలి నీటి ఒత్తిడి వల్లనే సాగుతుందని మీ వ్యాసంలో రాశారు. అది సగం నిజం మాత్రమే. ఈ నీటి ఒత్తిడి, అంటే స్ఫీత పీడనం, కణంలో అన్ని వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి, అదొక్కటే పనిచేస్తే కణం బుడగలా ఉబ్బాలి గాని సన్నని గొట్టంలా ఒకే దిక్కుకు సాగకూడదు. ఆ దిక్కును నిర్ణయించేది నాళం కొన దగ్గరి కణత్వచం, అంటే కణగోడకు లోపల కణాన్ని చుట్టి ఉండే పల్చని పొర. అక్కడ రాప్ అనే చిన్న ప్రోటీన్లు చైతన్యవంతమవుతాయి, కాల్షియం గాఢత పెరుగుతుంది, కణంలో పదార్థాలను సంచుల్లో నింపి పంపే గోల్గీ అనే భాగం నుంచి వచ్చిన సూక్ష్మ సంచులు త్వచంలో కలిసిపోయి, తమలోని పెక్టిన్ అనే కణగోడ పదార్థాన్ని బయటికి వదులుతాయి. కొత్త పెక్టిన్ మెత్తగా ఉంటుంది. కొన ముందుకు జరిగిన కొద్దీ, వెనకబడిన భాగంలో ఒక ఎంజైము పెక్టిన్‌కు అంటుకుని ఉన్న మిథైల్ అనే చిన్న రసాయన సమూహాలను తొలగించగా, కాల్షియం దాన్ని బిగించి గోడను గట్టిపరుస్తుంది. సంచులు తెచ్చిన త్వచం అవసరానికి మించితే కణం దాన్ని తిరిగి లోపలికి తీసుకుంటుంది; ఈ పొదుపు నాకెప్పుడూ ముచ్చటగా తోస్తుంది.

మా హనుమకొండ వైపు మక్క కంకి ఒలిచినవారు గమనించే ఉంటారు, ఒక్కో పీచు ఒక్కో గింజ దగ్గరే మొదలవుతుంది. పీచు మీద పడిన రేణువు ఇంచుమించు ఒక రోజులో జానెడు దూరమైనా నాళాన్ని సాగదీసి అండాన్ని చేరాలి. ఏ రేణువు నాళమూ చేరని చోట గింజ కట్టక కంకి బోసిగా మిగులుతుంది.

అయితే వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి పోగును కూడా మీరు ఇదే గాటన కట్టడం తొందరపాటు. అదీ ఒకే కణమే, కాని దాని పెరుగుదల కొనకే పరిమితం కాదు, పొడవునా జరుగుతుంది.