స్పీడ్ టెస్ట్‌లో 940 వచ్చిందట!

పొద్దున్నే మెయిల్ తెరిస్తే రౌటర్ కంపెనీవాళ్ళు నా ఫిర్యాదు టికెట్ క్లోజ్ చేసేశారు. "స్పీడ్ టెస్ట్‌లో 940 ఎంబీపీఎస్ వచ్చింది, సమస్య లేదు." ఎప్పుడు చేశారా అని చూస్తే తెల్లవారుజామున 3:10కి. మా కాల్ సెంటర్‌లో వాచ్‌మన్ తప్ప నరమానవుడు లేని వేళ!

మా గొడవ పగటిది. పదకొండు దాటితే అందరి ఫోన్ మాటలూ ముక్కలు ముక్కలే. లింకు (నెట్ లైను) పదో వంతు కూడా నిండదు, రౌటర్ సీపీయూ మాత్రం 100 నుంచి దిగదు.

పెళ్ళిలో చదివింపులు రాసేవాడి పక్కన కూర్చున్నారా ఎప్పుడైనా? 10,116 ఇచ్చినా 116 ఇచ్చినా పేరు, ఇంటిపేరు, ఊరు రాయాల్సిందే. పట్టే టైం ఒకటే. అందరూ 116 వాళ్ళే వస్తే క్యూ భోజనాల దాకా పోతుంది, పెట్టెలో చూస్తే చిల్లర. (మా బాబాయి ఈ డ్యూటీ ఎంత నిష్ఠగా చేసేవాడంటే, అక్క పెళ్ళిలో సొంత బావమరిదినే "ఇంటిపేరు?" అని అడిగాడు. ఆ అలక ఇంకా తీరలేదు.)

రౌటర్ పనీ అదే. ప్యాకెట్ (డేటా మూట) ఎంతదైనా హెడర్ (దాని మీది చిరునామా చీటీ) చదవాలి, ఫైర్‌వాల్ రూల్స్ (ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని ఆపాలి) చూడాలి, దారి వెతకాలి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) నిండడానికి 1518 బైట్ల ఫ్రేములు (లైను మీద వెళ్ళే ప్యాకెట్లు) సెకనుకి 81 వేలు చాలు. 64 బైట్లవైతే 14 లక్షల 88 వేలు కావాలి. స్పీడ్ టెస్ట్ తోసేది పెద్దవాటిని. ఫోన్ మాటలు వెళ్ళేది చిన్నవాటిలో: మాటని డేటాగా మార్చే జీ.711 పద్ధతిలో 20 మిల్లీసెకన్ల మాటకి ఒకటి, హెడర్లతో కలిపి 200 బైట్లు. కాల్‌కి సెకనుకి అటు 50, ఇటు 50. 800 మంది మాట్లాడితే 80 వేలు. మిగతా ట్రాఫిక్ దీనికి అదనం. ల్యాబ్‌లో ఈ రౌటర్ మహానుభావుడు సెకనుకి 90 వేల ప్యాకెట్ల దగ్గరే చేతులెత్తేశాడు. 64 బైట్లతో పరీక్షిస్తే 46 ఎంబీపీఎస్. పేరు మాత్రం గిగాబిట్ రౌటర్!

ఈ గ్రాఫులన్నీ పంపితే వచ్చిన జవాబు: "పింగ్ వస్తోంది కదా సార్?" పింగ్ అంటే అవతలి పెట్టె బతికుందో లేదో తట్టి చూడడమే. వస్తుంది నాయనా. ఐసీయూలో ఉన్నవాడికి పల్స్ కూడా వస్తుంది.

అయినా ఆ సపోర్ట్ కుర్రాణ్ణి అని ఏం లాభం? ఈ డబ్బా కొన్న మహారాజులు మా ఆఫీసులోనే ఏసీ కింద కూర్చున్నారు. 64, 128, 256, ఇలా 1518 దాకా ఏడు సైజుల్లో పరీక్షించమని 1999లోనే నెట్‌వర్క్ పరికరాల పరీక్షల పత్రం ఆర్ఎఫ్‌సీ 2544లో రాసిపెట్టారు. బ్రోచర్లో ఉన్నది చివరి సైజు ఒక్కటే, అదీ చుక్క గుర్తు పెట్టి, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో. 64 బైట్ల అంకె అడగండి అని కొనేముందే రెండు మెయిళ్ళు పెట్టాను. మీటింగ్‌లో పర్చేజ్ ఆయన నవ్వాడు. "గిగాబిట్ అంటే గిగాబిట్టే కదండీ, అందులో చిన్నదీ పెద్దదీ ఏముంటుంది?" అందరూ నవ్వారు. ఎల్-వన్ (అందరికంటే తక్కువ ధర) కొటేషన్ మీద సంతకం పడింది. సమోసాలు వచ్చాయి.

ఆ ఏడాది నా అప్రైజల్లో ఏం రాశారో తెలుసా? "కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపరచుకోవాలి." ఆ రెండు మెయిళ్ళూ దాచుకున్నాను. చదువుకుని ఏడవడానికి.

టికెట్ మళ్ళీ తెరిచాను. ఈసారి పగలు టెస్ట్ చెయ్యమని పెద్ద అక్షరాల్లో రాశాను. ఇప్పుడు టైం 10:50. ఇంకో పది నిమిషాల్లో నా ఫోన్ మోగుతుంది, అవతలివాళ్ళ తిట్లు కూడా ముక్కలు ముక్కలుగానే వినబడతాయి.