‘అన్నీ ఒకటే’ అంటే సరిపోదు

సర్వమత సభ ఎక్కడ జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: అన్ని మతాలూ చెప్పేది ఒకటే. చప్పట్లు పడతాయి, అందరూ ఒప్పుకున్నట్టే కనిపిస్తారు. నేను ఒప్పుకోను. అన్ని మతాల్లోనూ కొంత సత్యం ఉందని గట్టిగా నమ్మేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే ‘అన్నీ ఒకటే’ అన్న మాట వింటే బాధేస్తుంది. వినడానికి దగ్గరగా ఉన్నా ఈ రెండు మాటలకూ చాలా దూరం ఉంది.

మతాల మధ్య తేడాలు చూడటానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఆత్మ నిత్యమని ఉపనిషత్తులు అన్నాయి. మార్పులేని ఆత్మ అంటూ ఏదీ లేదని బుద్ధుడు బోధించాడు. జైనులకు సృష్టికర్త అయిన దేవుడే లేడు. యేసు శిలువ మీద మరణించి తిరిగి లేచాడన్నది క్రైస్తవానికి ప్రాణం. ఆయన్ను శిలువ వేయలేదని ఖురాన్ నాలుగో సూరా (అధ్యాయం) అంటుంది. ఉన్నది ఒకటే జన్మ అనేవాళ్ళూ, మళ్ళీ మళ్ళీ పుడతామనేవాళ్ళూ చెప్పేది ఒకటే అంటే, ఇద్దరి మాటా సరిగ్గా వినలేదనే అర్థం.

ఈ తేడాల కోసం మనుషులు జీవితాలనే మార్చుకున్నారు. హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావనని అంబేడ్కర్ 1935లో మహారాష్ట్రలోని యేవలాలో ప్రకటించారు. ఆయన నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏళ్ళు గడిచాయి. ఆ కాలంలో ఆయన మతాలను చదివారు, పోల్చారు. ఏది మనిషిని మనిషిగా చూస్తుంది, ఏది బుద్ధికి నిలబడుతుంది అని అడిగారు. అన్నీ ఒకటే అయితే ఆ వెతుకులాటకు అర్థమేముంది? ఆయన వెంట నడిచిన లక్షల మందితో ‘ఎక్కడున్నా ఒకటే కదా’ అని ఏ ముఖం పెట్టుకుని అంటాం?

కొంత సత్యం ఉందన్నప్పుడు, సత్యం కానిది కూడా కొంత ఉండొచ్చని ఒప్పుకున్నట్టే. ఎదుటివాళ్ళ మతం విషయంలో ఇది ఎవరైనా తేలిగ్గా ఒప్పుకుంటారు. సొంత మతం దగ్గరకొచ్చేసరికే గొంతు పట్టేస్తుంది. సాటి మనిషిని ముట్టుకోకూడదని ఏ శాస్త్రం చెప్పినా అది అబద్ధం. నమ్మనివాణ్ణి శిక్షించమని ఏ పీఠం తీర్పిచ్చినా అదీ అబద్ధమే. ఈ రెండు మాటలూ అనలేని సహనం నాకు సహనంలా కనిపించదు.

ఇక్కడ చాలామంది గుడ్డివాళ్ళూ ఏనుగూ కథ చెబుతారు. బౌద్ధుల ఉదానం అనే గ్రంథంలో ఉన్న పాత కథే, జైనులూ చెప్పుకుంటారు. అందులో ఏనుగును పూర్తిగా చూసినవాడు ఒకడున్నాడని మాత్రం మరిచిపోతాం. గుడ్డివాళ్ళను పిలిపించిన రాజు. ఈ కథ చెప్పే మనిషి తనకు తెలియకుండానే ఆ రాజు ఆసనం ఎక్కుతాడు. మీకు తోకా చెవీ తెలుసు, నాకు ఏనుగు మొత్తం తెలుసు అన్నట్టు. అది వినయం కాదు. జైన తార్కికులు చెప్పిన అనేకాంతవాదం ఇంతకన్నా కఠినమైంది. మనం చెప్పే ప్రతి వాక్యమూ ఏదో ఒక దృష్టి నుంచి చెప్పిందే అన్నారు వాళ్ళు. అలాగని వాదన మానలేదు. బౌద్ధులతో, న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులతో శతాబ్దాల పాటు తలపడ్డారు. కాకపోతే తలపడేముందు చదివారు. జైన ఆచార్యుడు హరిభద్రసూరి అయితే ఇతరుల దర్శనాలను కూడా వివరిస్తూ షడ్దర్శన సముచ్చయం అనే గ్రంథమే రాశాడు.

మన తెలుగులో దీన్ని అన్నమయ్యంత బాగా చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు. ‘ఎంత మాత్రమున ఎవ్వరు దలచిన అంత మాత్రమే నీవు’ అన్న కీర్తనలో వైష్ణవులు, వేదాంతులు, శైవులు, భైరవుణ్ణి కొలిచే కాపాలికులు, శాక్తేయులు అందరూ వస్తారు. ఎవరి తలపు వాళ్ళది. ఎవరినీ తక్కువ చేయడు. అన్నీ చెప్పాక వేంకటపతినే శరణంటూ ‘ఇదియే పరతత్వము నాకు’ అని ముగిస్తాడు. తన చోటు వదలకుండానే అంతమందికి చోటిచ్చాడు.

గ్రంథాల్లోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది, పూర్తిగా చదివితే. శ్రద్ధతో ఇతర దేవతలను కొలిచేవాళ్ళూ నన్నే కొలుస్తున్నారని గీత తొమ్మిదో అధ్యాయంలో ఉంది. మనం అక్కడితో ఆపేస్తాం. అది విధిపూర్వకం కాదని, అంటే శాస్త్రం చెప్పిన పద్ధతి కాదని కూడా అదే శ్లోకంలో ఉంది. దేవుడు తలుచుకుంటే మిమ్మల్నందరినీ ఒకే సమాజంగా చేసేవాడు, మంచి పనుల్లో పోటీ పడండి, మీ భేదాల సంగతి ఆయనే తేలుస్తాడు అన్న అర్థంలో ఖురాన్ ఐదో సూరా మాట్లాడుతుంది. ఇతర మతాల్లో సత్యమూ పవిత్రమూ అయినదాన్ని దేన్నీ తిరస్కరించబోమని కాథలిక్ చర్చి 1965లో ప్రకటించింది, క్రీస్తును ప్రకటించడం మానకుండానే.

ఈ నమ్మకం ఎంత పని అడుగుతుందో తెలియాలంటే దారా షికోను చూడాలి. షాజహాన్ పెద్ద కొడుకు, ముస్లిం, సూఫీల శిష్యుడు. ఉపనిషత్తుల్లో సత్యం ఉందనిపిస్తే ఆ మాట చెప్పి ఊరుకోలేదు. కాశీ పండితులను దగ్గర పెట్టుకుని యాభై ఉపనిషత్తులను 1657లో పారశీకంలోకి తెచ్చాడు. ఖురాన్ చెప్పిన ‘దాచి ఉంచిన గ్రంథం’ ఇదేనని నమ్మాడు. ఆ గుర్తింపుతో నేను ఏకీభవించనక్కర్లేదు, ఆయన పడ్డ శ్రమకు మాత్రం చేతులు జోడిస్తాను. 1659లో మతం తప్పాడన్న నింద కూడా మోపి ఔరంగజేబు చంపించాడు. అనువాదం మిగిలింది. ఆ పారశీకం నుంచే 1801, 1802ల్లో లాటిన్ ప్రతి వచ్చింది, దాని ద్వారానే జర్మన్ తత్వవేత్త షోపెన్‌హవర్ ఉపనిషత్తులు చదివాడు.

మన పిల్లలు వేరే మతాల పిల్లలతో కలిసి పెరుగుతున్నారు. ‘నా ఫ్రెండ్ నమ్మేది తప్పా?’ అని అడుగుతారు. ‘అన్నీ ఒకటే నాన్నా’ అంటే ఆ సంభాషణ అక్కడితో ముగుస్తుంది. పిల్లవాడికి తేడాలు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి మన మాట మీద నమ్మకం కూడా కొంచెం తగ్గుతుంది. ‘వాళ్ళు నమ్మేదేమిటో అడిగి తెలుసుకుందాం, నచ్చినదీ నచ్చనిదీ మాట్లాడుకుందాం’ అంటే టెన్షన్ మనకే ఎక్కువ. మనకూ చదవాల్సి వస్తుంది, మన మతం గురించి అడిగే ప్రశ్నలకూ నిలబడాల్సి వస్తుంది.

మన సంఘాల సర్వమత కార్యక్రమాల్లోనూ ఇదే మార్పు రావాలని నా కోరిక. మతానికి ఐదు నిమిషాలిచ్చి అందరిచేతా శాంతి గురించి ఒకే ఉపన్యాసం చెప్పించడం మానేద్దాం. మీ మతంలో ఉండి మా మతంలో లేని సత్యం ఏమిటని వచ్చిన అతిథిని అడుగుదాం. ఆయన కూడా మనల్ని అదే అడగాలి. గొడవలవుతాయేమోనని కొందరు పెద్దలు భయపడతారు. పరిచయం లేనివాళ్ళను ఒక్కసారి వేదిక ఎక్కిస్తే అవ్వొచ్చు. అదే మనుషులు నెలనెలా కలుస్తూ ఒకరి గ్రంథం ఇంకొకరు చదువుకుంటూ ఉంటే, కాదనే మాట కూడా మర్యాదగా చెప్పుకోగలరు.