బిషప్ అజరయ్య మీద ఆ మెసేజ్ ఇక ఆపండి

మళ్లీ అదే మెసేజ్. ఒక గ్రూపులో జవాబిస్తే ఇంకో గ్రూపులోంచి వస్తోంది. “డోర్నకల్ బిషప్ అజరయ్య తెల్లవాళ్ల కీలుబొమ్మ. లండన్ చర్చిని తెచ్చి ఇక్కడ కట్టాడు. క్రైస్తవులకు వేరే సీట్లు అడిగి దేశాన్ని చీల్చాడు. బియ్యం పంచి మాల మాదిగలను కొన్నాడు. గాంధీకి గిట్టనివాడు.” పంపినవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి.

చర్చి సంగతి: డోర్నకల్‌లో రైలు దిగి చూసి రండి. గుమ్మటాలు, మినార్లు, గుడి మండపంలో ఉన్నట్టు రాతి స్తంభాలు. 1939లో ప్రతిష్ఠించారు. లండన్‌లో ఇలాంటిది ఎక్కడుంది?

వేరే సీట్లా? క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవాడాయన. మెసేజ్ రాసినవాడు తలకిందులు చేశాడు.

కీలుబొమ్మ 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో నిలబడి తెల్ల మిషనరీల ముఖం మీదే మాట్లాడతాడా? మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో సొంత డబ్బుతో పెట్టుకున్న మిషన్ తరఫున ఈ తమిళుడు 1909లో డోర్నకల్ వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది డోర్నకల్ బిషప్ అయ్యాడు. భారతీయుడికి ఆ పదవేమిటని అడ్డుపడ్డ తెల్లవాళ్లూ ఉన్నారు. అయితే మద్రాసు బిషప్ వైట్‌హెడ్ అండ లేకపోతే ఆయనకు ఆ పదవి దక్కేది కాదు. అది ఒప్పుకుంటాను. మతమార్పిడి దగ్గర గాంధీతో పడలేదన్నదీ నిజమే. కాంగ్రెస్ ఉద్యమాలకు ఆయన దూరంగా ఉండటం నాకూ నచ్చదు.

ఇక బియ్యం. నా కోపమంతా ఇక్కడే. ఈ తిట్టు అజరయ్యను దాటి మాల మాదిగ వాడల మీద పడుతోంది, గింజల కోసం దేవుణ్ణి అమ్ముకున్నారని. వాళ్లను గుళ్లోకి రానిచ్చారా? ఊరి బావిలో చేద వేయనిచ్చారా? బడి కోసం, మర్యాద కోసం, వెట్టి నుంచి కాస్త ఊపిరి కోసం వచ్చినవాళ్లు ఉన్నారు. కోరుకోవడం తప్పా?

అసలు బియ్యం ఎటు నుంచి ఎటు వెళ్లాయో తెలుసా? ఆ వాడల క్రైస్తవ సంఘాల్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేవారు. అవి కానుకగా చర్చికి వెళ్లేవి. పంటల పండుగకు కోళ్లు, గుడ్లు, ధాన్యం తెచ్చేవారు. రెండు పూటలా తిండికి తడుముకునేవాళ్లు ఇచ్చినవవి. ఇవ్వడం గురించి అజరయ్య ఏకంగా పుస్తకమే రాశాడు. 1930ల్లో ఆ వాడల్లో వచ్చిన మార్పు చూసి భూములున్న రైతు కుటుంబాలవాళ్లూ కొందరు బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లకేం బియ్యం కరువా? 1945లో ఆయన పోయేనాటికి డయోసిస్‌లో, అంటే ఆయన కింద ఉన్న చర్చిలన్నిటిలో, 2 లక్షలకు పైగా క్రైస్తవులు. అంతమందిని కొనే గాదె ఎక్కడుందో చూపించండి.

అజరయ్యతో విభేదించండి, గాంధీ విభేదించలేదా? ఆ బియ్యం మాట మాత్రం తీసేసి, ఎవరెవరికి పంపారో ఆ గ్రూపుల్లోనే తప్పని చెప్పండి.