ఓటు కార్పొరేటర్‌కి, బడి జిల్లా పరిషత్తుకి

2025 ఏప్రిల్ 19న విశాఖ మేయర్‌పై పెట్టిన అవిశ్వాసం నెగ్గింది. 28న కొత్త మేయర్ ఎన్నికయ్యారు. అంతకుముందు వారాల తరబడి పేపర్లలో, టీవీల్లో క్యాంపు రాజకీయాలే. ఎవరు ఏ పార్టీలోకి వెళ్లారు, ఎవరిని ఏ ఊరికి, ఏ దేశానికి తరలించారు అన్నదే ఊరంతా చర్చ. సరిగ్గా ఆ రెండు తేదీల మధ్య, ఏప్రిల్ 23న, పదో తరగతి ఫలితాలు వచ్చాయి. తన వార్డులోని ప్రభుత్వ హైస్కూల్లో ఎంతమంది తప్పారు, తప్పినవాళ్ల సంగతేమిటి అని ఏ కార్పొరేటరైనా ఆరా తీసినట్టు నేనైతే వినలేదు. కార్పొరేటర్లను తిట్టిపోయడానికి ఈ మాట అనడం లేదు. అడగాల్సిన అవసరమే వాళ్లకు రాకుండా మన ఏర్పాటు ఉంది. నా బాధ దాని గురించే.

2005లో గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చేశారు. తర్వాత 1861 నాటి భీమునిపట్నం మున్సిపాలిటీ, అనకాపల్లి కూడా అందులో చేరాయి. 2021 ఎన్నికల నాటికి మొత్తం 98 వార్డులు. పంచాయతీలు పోయాయి. రోడ్డు, కాలువ, వీధి దీపం, చెత్త బండి అన్నీ కార్పొరేషన్ చేతికి వెళ్లాయి. బడి మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. విలీనమైన ఊళ్లలో హైస్కూళ్ల గేటు మీద ఇవాళ్టికీ జిల్లా పరిషత్ బోర్డే కనిపిస్తుంది. మధురవాడలో చంద్రంపాలెం హైస్కూలు చూడండి. రాష్ట్రంలోని పెద్ద ప్రభుత్వ బళ్లలో ఒకటిగా దానికి పేరు. అది జిల్లా పరిషత్తుదే.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. కార్పొరేషన్ పరిధిలో ఉన్నవాళ్లకు జడ్పీటీసీ ఓటు, అంటే జిల్లా పరిషత్ సభ్యుణ్ని ఎన్నుకునే ఓటు, ఉండదు. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లాను మూడు ముక్కలు చేసినా జిల్లా పరిషత్ ఉమ్మడిగానే కొనసాగింది. అరకు, చింతపల్లి వాళ్లు ఎన్నుకున్న సభ్యులు అందులో కూర్చుంటారు. మధురవాడ, గాజువాక వాళ్లకు మాత్రం తాము ఎన్నుకున్న జడ్పీటీసీ సభ్యుడంటూ ఎవరూ ఉండరు. ఓటు వేసి గెలిపించుకున్న కార్పొరేటర్‌కి బడి మీద అధికారం లేదు, అధికారం ఉన్న సంస్థకు మన ఓటు లేదు. పాత నగరంలోని మున్సిపల్ బళ్లయినా నయమా అంటే, 2022లో వాటి పర్యవేక్షణ కూడా పాఠశాల విద్యాశాఖకు వెళ్లిపోయింది. ఎమ్మెల్యే ఉన్నారుగా అనొచ్చు. లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో ఒక బడి కుళాయి దాకా ఎమ్మెల్యే చూపు రావాలంటే అక్కడేదో పెద్ద గొడవే జరగాలి.

దీనికి తోడు ఇంకో సంగతి. శివార్లలో ప్రభుత్వ బడికి పిల్లల్ని పంపేది ఎవరు? కట్టడం పనికి వచ్చిన మేస్త్రీలు, కూలీలు, అపార్టుమెంట్లలో వాచ్‌మెన్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, ఆటోవాళ్లు. వీళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లే. చాలామందికి ఓటూ రేషన్ కార్డూ సొంతూళ్లోనే ఉంటాయి. ఎన్నికలొస్తే ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సుల కోసం కొట్టుకునేది వీళ్లే. వార్డు ఓటర్ల జాబితాలో బలంగా ఉన్నది అపార్టుమెంట్లవాళ్లు. వాళ్ల పిల్లలు పసుపుపచ్చ బస్సెక్కి ప్రైవేటు స్కూలుకి వెళ్తారు. అసోసియేషన్ ప్రెసిడెంటు ఫోన్ చేస్తే కార్పొరేటర్ సాయంత్రానికి వచ్చి వాలతారు. బడి హెడ్మాస్టర్ ఫోన్ చేస్తే చూద్దాంలెండి అంటారు. మనుషులు మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్న ప్రశ్న కాదిది, ఓట్ల లెక్క. 2012లో పాలకవర్గం గడువు తీరాక 2021 మార్చి దాకా జీవీఎంసీకి ఎన్నికలే లేవు. తొమ్మిదేళ్లు అధికారుల పాలనలో గడిచిన ఊళ్లో, బడి గురించి కార్పొరేటర్‌ని అడగొచ్చన్న అలవాటు కూడా పోయింది.

ఈ వలసవచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడ ఉన్న ఓటు ఒకే ఒక్కటి. అది పాఠశాల యాజమాన్య కమిటీ ఓటు. దానికి ఓటర్ కార్డు అక్కర్లేదు, ఆ బళ్లో బిడ్డ చదువుతుంటే చాలు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వార్డు కార్పొరేటర్ కూడా పదవి రీత్యా సభ్యులే. అంటే కార్పొరేటర్‌నీ, ఓటు లేని తల్లినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టే చోటు ఇదొక్కటే. నాకు తెలిసి శివారు రాజకీయాల్లో ఇంత విలువైన అవకాశం ఇంకోటి లేదు.

దాన్ని ఎలా వాడుకుంటున్నాం? కమిటీ ఎన్నికలు 2024 ఆగస్టు 8న జరిగాయి. అది గురువారం, పనిదినం. రోజు కూలీకి ఆ పూట మానుకుంటే ఆ డబ్బు పోయినట్టే. చాలా బళ్లలో ముందే అనుకున్న పేర్లు చదివి ఏకగ్రీవం అనిపించేస్తారు. నగర శివారులోని ఒక హైస్కూల్లో కమిటీ సమావేశం నేను చూశాను. సమావేశం అంటే ఒక రిజిస్టరు, ఒక పెన్ను. వచ్చినవాళ్లు వచ్చినట్టు సంతకం పెట్టి వెళ్తున్నారు. ఆరో తరగతి పిల్ల తల్లి ఒకామె పెన్ను చేతిలో పట్టుకుని ఆగింది. "రెండిళ్ల పని మానీసి వచ్చినాను మేస్టారూ. సంతకం ఒక్కటేనా? ఆడపిల్లల బాత్రూంలో కుళాయి సంగతేటి?" అని అడిగింది. హెడ్మాస్టర్ కసురుకోలేదు. పైకి రాశామమ్మా అన్నారు. ఎవరికి రాశారో ఆమె అడగలేదు, ఆయనా చెప్పలేదు. కార్పొరేటర్ కోసం వేసిన కుర్చీ ఖాళీగానే ఉంది. ఆ కుర్చీలో మనిషుంటే, కార్పొరేషన్ ప్లంబర్‌ని పంపడానికి ఒక్క ఫోన్ చాలు.

ఆ కుళాయి గురించి అడిగే హక్కు ఆమెకు డబ్బు రీత్యా కూడా ఉంది. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే తల్లికి వందనం పథకం కింద బిడ్డకు 15 వేలు ప్రకటించి, అందులో 2 వేలు బడి, మరుగుదొడ్ల నిర్వహణకు మినహాయించి 13 వేలు తల్లి ఖాతాలో వేస్తున్నారు. దీనికి ముందున్న అమ్మ ఒడి పథకం రోజుల్లోనూ ఇలాంటి కోత ఉండేది. పథకం అందేవాళ్లు 500 మంది ఉన్న బడిని తీసుకుంటే, ఆ పిల్లల పేరున ఏడాదికి 10 లక్షలు పక్కన పడుతున్నట్టు. అందులో తమ బడికి ఎంత వచ్చింది, ఆయాకు జీతం అందుతోందా, ఫినాయిల్ కొన్నారా అన్న లెక్క నెలనెలా నోటీసు బోర్డు మీద ఉండాలి. అపార్టుమెంట్ లిఫ్టు పక్కన మెయింటెనెన్స్ లెక్కలు అతికిస్తున్నప్పుడు బడి గోడ మీద ఎందుకు అతికించరు?

పెద్ద నిర్ణయాలప్పుడు కూడా ఈ కమిటీలకు నోరు లేకపోయింది. 2022లో 117 జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని ప్రాథమిక బడి నుంచి తీసి హైస్కూళ్లకు కలిపారు. 2025లో ఆ జీవో రద్దు చేసి ఇంకో రకంగా సర్దారు. ఏది మంచిదన్న వాదన వేరే. జాతీయ రహదారికి అటూ ఇటూ పరుచుకున్న కొమ్మాది, పీఎం పాలెం లాంటి చోట్ల ఎనిమిదేళ్ల పిల్లాణ్ని వేరే బడికి మార్చడమంటే, హైవే దాటాలా వద్దా అన్నది అన్నిటికంటే ముందు ప్రశ్న. దాటించడానికి ఇంట్లో ఎవరుంటారు, ఆటోకి నెలకెంతవుతుంది అన్న టెన్షన్ తల్లిదండ్రులది. సిగ్నలూ, ఫుట్ ఓవర్ బ్రిడ్జీ మాత్రం వేరే శాఖల పని. వీటన్నిటినీ ఒకచోట చేర్చి మాట్లాడగలిగింది వార్డు ప్రతినిధే.

చట్టాలేమీ మార్చకుండానే చేయదగ్గ పనులున్నాయి. కమిటీ ఎన్నికలూ సమావేశాలూ ఆదివారం పెట్టాలి. టీచర్లకు అది భారమే, బదులుగా వాళ్లకు ఇంకో రోజు సెలవివ్వాలి. హాజరు పట్టికలో కార్పొరేటర్ పేరుకు ఎదురుగా వచ్చారో రాలేదో రాసి గోడకు పెట్టాలి. బోర్డు మీద ఎవరి పేరున్నా సరే, వార్డులోని ప్రతి ప్రభుత్వ బడి స్థితి మీద జీవీఎంసీ కౌన్సిల్ ఏడాదికి ఒక్కసారైనా చర్చ పెట్టాలి. జూన్ 12న బళ్లు తెరిచే ముందు అయితే మరీ మంచిది, వేసవి సెలవుల్లో కుళాయిలు, ప్రహరీలు బాగుచేసే వీలుంటుంది. అపార్టుమెంట్ అసోసియేషన్లకూ ఒక మాట. కార్పొరేషన్ ఓట్లకు అభ్యర్థి మీ సెల్లారులోకి వచ్చినప్పుడు పార్కు, డ్రైనేజీ ఎలాగూ అడుగుతారు. మీ ఇంట్లో పనిచేసే ఆమె కూతురు చదివే బడికి కమిటీ సభ్యుడి హోదాలో ఎన్నిసార్లు వెళ్తారో అది కూడా అడగండి. ఆమెకు ఇక్కడ ఓటు లేదు, మీకుంది.