ఆ గుట్టలు బంజర్లు కావు

ఆషాఢం వచ్చిందంటే అనంతపురం పల్లెల్లో ఆరుబయట నిలబడలేం. తలగుడ్డ ఎగిరిపోతుంది, కళ్ల నిండా దుమ్ము. మబ్బుల్ని తరిమేస్తుందని రైతులు తరతరాలుగా తిట్టుకున్న ఆ గాలే ఇప్పుడు కరెంటు ఇస్తోంది. ఉరవకొండ, వజ్రకరూరు వైపు వెళ్తే పైన గాలిమర రెక్కలు తిరుగుతుంటాయి, కింద వేరుశనగ చేలో గుంటక నడుస్తుంటుంది. చేను చేనే, కరెంటు కరెంటే. ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న దాదాపు 4 వేల మెగావాట్ల పవన విద్యుత్ సామర్థ్యంలో ఎక్కువ భాగం రాయలసీమదే.

గాలి కరెంటు కావాలి, ఇంకా కావాలి. ఈ మాట ముందే చెబుతున్నాం. ఎందుకంటే ఈ కింద రాయబోయేది చదివి ‘బొగ్గే నయం’ అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. బొగ్గు ఏ లెక్కన చూసినా నయం కాదు. థర్మల్ ప్లాంట్లున్న ఇబ్రహీంపట్నంలోనో, పాల్వంచలోనో, ముద్దనూరు దగ్గరో ఉండేవాళ్లను అడగండి, దండెం మీద ఆరేసిన బట్టలపై పడే బూడిద గురించి చెబుతారు. మన దేశపు బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే, కొన్ని గనుల్లో అంతకంటే ఎక్కువ. నీళ్ల సంగతి మరీ దారుణం. పాత ప్లాంట్లకు కేంద్రం 2015లో పెట్టిన పరిమితే యూనిట్ కరెంటుకు మూడున్నర లీటర్ల నీళ్లు. తాగునీటికే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే సీమలో ఆ లెక్క చిన్నది కాదు. గంధకపు పొగను అదుపు చేసే యంత్రాలు బిగించాలని అదే ఏడాది ఆదేశించారు. ఆ తర్వాత గడువు మీద గడువు పెంచుకుంటూ వచ్చి, 2025 జూలైలో దాదాపు 78 శాతం థర్మల్ యూనిట్లకు అవి అక్కర్లేదని మినహాయింపు ఇచ్చేశారు. ఆ పొగ పీల్చేవాళ్లను ఎవరూ అడగలేదు.

కాబట్టి మా పేచీ గాలిమరతో కాదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చే పద్ధతితో.

శ్రీసత్యసాయి జిల్లాలో చెన్నేకొత్తపల్లి, రామగిరి, రొద్దం మండలాల మధ్య కల్పవల్లి అనే గుట్టల ప్రాంతం ఉంది. 1990ల మొదట్లో అవి బోడి గుట్టలు. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటిని కాపాడాలని నిర్ణయించుకున్నారు. చేసింది పెద్ద ఇంజనీరింగ్ ఏమీ కాదు. చెట్లు కొట్టనివ్వలేదు, వేసవిలో కార్చిచ్చు గుట్ట ఎక్కకుండా కాపలా కాశారు, వంకలకు అడ్డంగా చిన్న చిన్న కట్టలు కట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ వేల ఎకరాల్లో పచ్చదనం తిరిగొచ్చింది. గొర్రెలకు మేత దొరికింది. ఇంటిమీద కప్పుకు బోద గడ్డి, చీపుర్లకు, బుట్టలకు ఈత ఆకు దొరికాయి. వంకల్లో నీళ్లు నిలిచి కింది చెరువులు నిండాయి. తోడేళ్లు సైతం తిరిగొచ్చాయి. కరవు జిల్లాలో ఇది జనం సొంత చేతులతో చేసుకున్న పని.

2010 తర్వాత ఆ గుట్టల మీదికి గాలిమరలు వచ్చాయి. స్తంభం నిలబడే చోటు చిన్నదే. నష్టం దాని వల్ల కాదు, దారి వల్ల. పదుల మీటర్ల పొడవుండే రెక్కను మోసే ట్రైలర్ మామూలు మలుపు తిరగలేదు. అందుకని మలుపు మలుపుకూ గుట్టను వెడల్పుగా కోయాలి. క్రేన్ నిలవడానికి శిఖరాన్ని చదును చేయాలి. కోసిన మట్టిని, రాళ్లను ఎత్తిపోసే ఖర్చెందుకని వాలు మీదికే తోసేస్తారు. మొదటి పెద్దవానకే ఆ మట్టి వంకలోకి దిగుతుంది, అక్కడి నుంచి చెరువులో పూడికవుతుంది. గడ్డి మొలిచే పైమట్టి పోయాక ఆ వాలు మీద మళ్లీ మేత రావడానికి ఎన్నేళ్లు పడుతుందో గొర్రెలు కాసేవాళ్లకు బాగా తెలుసు. కల్పవల్లి జనం 2013లో పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. గుట్ట కోయకముందు ఊళ్లో అడగాల్సిన ప్రశ్నలు, కోసేశాక కోర్టులో అడగాల్సి వచ్చిందన్నమాట.

ఎందుకిలా జరిగింది? రికార్డుల్లో అది బంజరు గనుక.

ఈ మాటకు పాత చరిత్ర ఉంది. శిస్తు రాని భూమినల్లా తెల్లదొరలు పనికిరాని భూమిగా రాసుకున్నారు. వాళ్లు పోయారు, ఆ ఖాతా మిగిలింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి కేంద్రం తయారుచేసే బంజరు భూముల అట్లాస్‌లో ఈనాటికీ తుప్పలున్న నేలలు, వట్టిపోయిన మేత బీళ్లు ఆ జాబితాలోనే ఉన్నాయి. పట్టా లేదు కాబట్టి యజమాని లేడు, యజమాని లేడు కాబట్టి నష్టపోయేవాడూ లేడని లెక్క.

బొగ్గుకూ ఇదే మాట పనికొచ్చింది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకు ఇవ్వజూపిన బీల నేలలను కాగితాల మీద బంజరుగా చూపించారు. నిజానికి అవి ఏడాదంతా తడి ఆరని చిత్తడి నేలలు. వరి చేలకు నీళ్లు అక్కడివే, మత్స్యకారులకు చేపలూ అక్కడివే. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని కొట్టేసింది. ఆ తీర్పు ఒక్కరోజు ముందొచ్చి ఉంటే అనే బాధ ఇన్నేళ్లయినా పోదు.

థర్మల్ ప్లాంటుకు కనీసం ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పవన విద్యుత్తును ఆ పరిధిలోకే తీసుకోలేదు. సోలార్‌కూ మినహాయింపే. కర్నూలు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కుకు దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది. గాలిమర కింద గొర్రె మేస్తుంది, సోలార్ కంచె లోపలికి పోలేదు. అయినా రెండింటికీ ఒకటే రూలు. నాలుగైదు యంత్రాలు పెట్టే రోజుల్లో ఆ మినహాయింపుకు అర్థం ఉందేమో. 2024 అక్టోబరులో రాష్ట్రం ప్రకటించిన క్లీన్ ఎనర్జీ విధానం లక్ష్యం 160 గిగావాట్లకు, అంటే లక్షా 60 వేల మెగావాట్లకు పైనే. అంత నిర్మాణం జరగబోయేది ఎక్కువగా ఈ ‘బంజర్ల’ మీదే.

పక్షుల మాట కూడా చెప్పాలి. బట్టమేక పక్షి కోసం 1988లో ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడులో అభయారణ్యం పెట్టుకున్నాం, ఇప్పుడు అక్కడ దాని జాడే కరువైంది. రాజస్థాన్‌లో మిగిలిన కొద్దిపాటి బట్టమేకలకు కరెంటు తీగలే యమపాశాలు. బరువైన పక్షి, ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు, తీగ దగ్గరికొచ్చాక పక్కకు తిరగలేదు. థార్‌లో 4,200 చదరపు కిలోమీటర్ల మేర తీగల వల్ల ఏటా దాదాపు 84 వేల పక్షులు చస్తున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. కొత్త లైన్లు గడ్డి నేలలను తప్పించి వేయడం ముందే అనుకుంటే అయ్యే పని.

రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. భూముల జాబితా కంపెనీ చేతికి వెళ్లకముందే గ్రామసభలో చదివి వినిపించాలి. ఏ సర్వే నంబరులో ఎవరి గొర్రెలు మేస్తున్నాయో, ఏ వంక ఏ చెరువుకు పోతుందో అక్కడే రాసుకోవాలి. దారి ప్లాను లేకుండా గుట్టల మీద అనుమతి ఇవ్వకూడదు, కోసిన మట్టిని వాలు మీదికి తోస్తే పని ఆపించాలి. మేత పోయినవాళ్లకు పట్టా లేకపోయినా పరిహారం అందాలి. గాలిమర ఆయుష్షు 20, 25 ఏళ్లు. గ్లాస్ ఫైబర్ రెక్కలు ఇనుములా కరిగించి వాడుకునేవి కావు. వాటిని దించి తీసుకుపోయే ఖర్చుకు సరిపడా డిపాజిట్ పునాది గుంత తవ్వకముందే జమ చేయించుకోవాలి.

కల్పవల్లి లాంటి చోట్ల పేరు విషయానికొస్తే, ఆ పని ఒక రెవెన్యూ ఉత్తర్వుతో అయిపోతుంది. రికార్డులో ‘బంజరు’ కొట్టేసి ‘ఉమ్మడి మేత భూమి’ అని రాయాలి.