టైప్ చేస్తున్నారు...

శ్రీకాకుళంలో మనసు బాగాలేదని చెప్పుకోవడానికి మనుషులకు కొరత లేదు, గదికే కొరత. ఏడు రోడ్ల కూడలి నుంచి ఏ రోడ్డు పట్టుకుని ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, బయట బెంచీ మీద మేనత్తగారి ఆడపడుచు కూర్చునే ఉంటుంది. "ఇక్కడికి వచ్చావేమమ్మా?" అని అడిగి, జవాబు వినకుండానే ఊరంతా చేరవేస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ ప్రారంభించి 14416 నంబరు ఇచ్చింది. ఉచితం, రాత్రింబవళ్లు పలుకుతుంది. మంచి పనే. కాని ఫోను చేసినవారు నోరు తెరవాలి. వంటింట్లో అత్తగారు చింతపండు పిసుకుతూ ఒక చెవి ఇటు వేసి ఉండగా "మా అత్తగారితో..." అని మొదలుపెట్టగల ధీరురాలికి కౌన్సెలింగుతో పనేముంది?

కనుక నోరు మెదపకుండా ఫోనులో టైప్ చేస్తూ కౌన్సెలర్‌తో మాట్లాడే చాట్ కౌన్సెలింగ్ మా జిల్లా కోసమే పుట్టిందని నా నిశ్చితాభిప్రాయం. వేళ్ల మాట గోడలకు వినిపించదు. 1960లలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే కంప్యూటరు ప్రోగ్రాము రాశాడు. మనం అన్నమాటనే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. ఆ సంగతి తెలిసి కూడా ఆయన కార్యదర్శి దానితో నాలుగు మాటలు టైప్ చేసి, కాస్త బయటికి వెళ్తారా అని ఆయననే అడిగిందట. ఆమెకు గది దొరికింది. మా ఇళ్లలో అయితే వైజెన్‌బామ్‌ను పంపడానికి పెరడు తప్ప చోటు లేదు, అక్కడ మామగారు ఉంటారు.

ముఖం కనిపించకపోతే మనిషి మనసు విప్పుతాడని జాన్ సులర్ అనే మనస్తత్వవేత్త 2004లో రాశారు. విప్పుతాడు, అయితే ముందు అవతలివారు ఎవరి తాలూకో తేలాలి.

"నమస్కారం. ఈ రోజు దేని గురించి మాట్లాడాలనుకుంటున్నారు?"

"నమస్తే మేడమ్. మీదేవూరు?"

"నా గురించి తెలుసుకోవాలని మీకు అనిపిస్తున్నట్టుంది."

"అవునండి. టెక్కలి వైపా?"

ఆ తర్వాత అసలు పేచీ. "నన్నేమి చేయమంటారు?" అని క్లయింటు అడుగుతాడు. "మీకేమి చేయాలనిపిస్తోంది?" అంటుంది కౌన్సెలర్. నేరుగా సలహా ఇవ్వకూడదని ఆమె చదువుకున్న చదువు. టీ కొట్టు దగ్గర ఆగితే చాలు, పెళ్లి నుంచి పిత్తాశయంలో రాళ్ల వరకు అడగకుండానే సలహా దొరికే ఊరిది. డబ్బు పుచ్చుకుని కూడా సలహా చెప్పనంటే జనం దాన్ని వైద్యమనుకుంటారా, మోసమనుకుంటారా?

మనం కథ చెబుతుంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఎదురుగా ఉన్నవారి ఊ మాటకు అడ్డం రాదు. అదే ఊ తెర మీద ఒంటరిగా కనబడితే వెటకారంలా ఉంటుంది. అందుకని పాపం కౌన్సెలర్ నిండు వాక్యమే రాయాలి. అది పూర్తయ్యేలోపు క్లయింటు మూడు వరుసలు ముందుకు పోతాడు. "మా ఆయన మొత్తానికి తాగుడు మానేశారు" అన్న వార్త కింద "ఇది మీకు ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించగలను" అన్న ఓదార్పు వచ్చి వాలుతుంది. ఓదార్పు నిజమైనదే, మూడు వరుసల పైదానికి చెందినది.

పైగా మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో కొడతారు, ఆ అక్షరాలకు దీర్ఘాలు పట్టవు. "పదేళ్లుగా ఈ ఇంట్లో పడుతున్నాను, పట్టించుకునేవారు లేరు" అని ఒక ఇల్లాలు రాస్తే, "మీ పాటకు ఇంట్లో గుర్తింపు దొరకలేదన్నమాట" అని జవాబు వచ్చినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఆమె "అవునండి" అని ఊరుకుంటుంది కూడా. మర్యాద మన జబ్బులలో మొదటిది.

అన్నిటికన్నా కఠినమైనది ఆ మూడు చుక్కలు. అవతల క్లయింటు టైప్ చేస్తున్నాడు. ఆగాడు. మళ్లీ చేస్తున్నాడు. అయిదు నిమిషాల తర్వాత వచ్చేది: "ఏమీ లేదండి." ఆ అయిదు నిమిషాలలో రాసి చెరిపినదే కేసు, తెరకెక్కినది మర్యాద. ఎదురుగా కూర్చుంటే మౌనానికి ముఖం ఉంటుంది. ఇక్కడ అది ఏడుపో, సిగ్నల్ పోవడమో, కుక్కర్ కూతో చెప్పేదెవరు? చెరిపిన వాక్యాలను కూడా సీల్డు కవరులో కౌన్సెలర్‌కు అందజేయాలని ఒక కమిటీ వేస్తే బాగుండును. అప్పుడు మనవాళ్లు మనసులోనే రాసి మనసులోనే చెరుపుతారు, అది వేరే సంగతి.

శ్రీకాకుళం రోడ్డు అని టికెట్టు తీసుకుని దిగితే అది ఆముదాలవలస. ఊరు చేరాలంటే ఇంకో బండి ఎక్కాలి. మా కష్టాల కథనమూ అంతే. నలభై నిమిషాలు పొలం గట్టు తగాదా, మరదలి పెళ్లిలో మర్యాద లోపం, మోకాలి నొప్పి. "మన సమయం ముగుస్తోంది" అన్న వాక్యం తెర మీద పడగానే అసలు సంగతి ఊడిపడుతుంది: "ఒక్క మాట మేడమ్, నాలుగు నెలలుగా నిద్ర లేదు." చుట్టాలు సెలవు తీసుకున్నాక గుమ్మంలో గంటసేపు నిలబడి అసలు కబురు చెప్పే నేల ఇది. కాబట్టి ఇక్కడ పనిచేసే కౌన్సెలర్లకు నాదొక విన్నపం. చాట్ తెరవగానే నమస్కారం పెట్టకండి. "సరేనండి, సమయం అయిపోయింది, ఇక ఉంటాను" అని మొదలుపెట్టండి.